గని డంపు మీద మొక్కలు నాటాం, వయ్యారిభామ కమ్మేసింది: పీకాలా, వదిలేయాలా?

పల్నాడు_మొక్కలు
పల్నాడులో ఒక సున్నపురాయి గని. పేరు అడగొద్దు. తవ్వేసిన గుంతలో ఒక పక్క నల్లమట్టి, పనికిరాని రాయి నింపి పైకి డంపు కట్టారు. మెట్ల లాంటి మూడు బెంచీలు, పైన చదును. దాని మీద మొక్కలు నాటి మూడేళ్ళు కాపాడే పని మాది. పోయిన ఏడు తొలకరికి వేప, కానుగ, సీతాఫలం, నేరేడు పెట్టాం. నాటేముందు పైన అడుగు మందాన చెరువు మట్టి పరిచాం, గుంతల్లో పశువుల ఎరువు వేశాం. మొక్కలు బాగానే పట్టాయి. ఈ ఏడు వానలు మొదలైన నెలన్నరకే వయ్యారిభామ (పార్థీనియం) కలుపు నడుమెత్తు లేచింది. మొక్క ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తోంది. వాలు మీద సర్కారు తుమ్మ మొలకలు కూడా ఉన్నాయి. పైనుంచి వచ్చే మాట ఒకటే: కలుపు మొత్తం తీసేయండి, తనిఖీకి నేల శుభ్రంగా కనపడాలి, లేకపోతే బిల్లు ఆగుతుంది. కూలీలేమో చేతులకు దద్దుర్లు లేస్తున్నాయని రావట్లేదు. మొత్తం పీకించాలా? మందు కొట్టాలా? ఇలాంటి నేల మీద పని చేసినవాళ్ళు చెప్పండి.

గడ్డిమందు_గురు
గ్లైఫోసేట్ గడ్డిమందు కొట్టి పడేయండి. రెండు వారాల్లో మాడిపోతుంది. దీనికి ఇంత టెన్షన్ ఎందుకు?

చదివేవాడు
నేల శుభ్రంగా కనపడాలంటే సిమెంటు పోసేయమనండి. ఫ్యాక్టరీ పక్కనే ఉంటుందిగా.

పాతడంపర్
గురుగారి మాట విని మందు కొట్టకండి, కనీసం వాలు మీద కొట్టకండి. నేను బొగ్గు బెల్టులో డంపుల మీదే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. డంపు మట్టి పొలం మట్టి కాదు. కింద నుంచి తవ్వి లారీతో తెచ్చి పోసిన మట్టి అది, ఇంకా కుదురుకోలేదు. దాన్ని పట్టుకుని ఉన్నది ఇప్పుడు ఆ కలుపు వేర్లే. మొత్తం తీసేసి వాలు గీకినట్టు చేస్తే ఒక్క గట్టి వానకు చారలు పడతాయి, రెండో వానకు ఆ చారలు కాలువలవుతాయి, పైన మీరు డబ్బు పెట్టి పరిచిన చెరువు మట్టి మొత్తం కింద గార్లాండ్ డ్రెయిన్‌లో (డంపు చుట్టూ తవ్వే కాలువలో) చేరుతుంది. అప్పుడు డ్రెయిన్ పూడిక తీయడానికి ఇంకో బిల్లు.

చదునునూ వాలునూ వేరుగా చూడండి. చదును మీద పీకినా ఫరవాలేదు. వాలు మీద మాత్రం మొక్క పాదు చుట్టూ ఒక మూర వెడల్పున చేత్తో తీసి, మిగతాది పూత రాకముందే కొడవలితో కోయించండి. వేరు అక్కడే ఉండనివ్వండి.

గడ్డిమందు_గురు
కోస్తే మళ్ళీ చిగురు వేస్తుంది అన్నా. వయ్యారిభామను కోయడమంటే కొమ్మలు పెంచడమే. ఒక కాడ ఉన్నచోట నాలుగొస్తాయి.

పాతడంపర్
వేస్తుంది. మళ్ళీ కోయాలి. మట్టి జారిపోయాక దాన్ని మళ్ళీ పైకి ఎక్కించడం కన్నా అదే చవక.

ఓబీ_బెంచ్
గ్లైఫోసేట్ గురించి ఒక మాట. 2022 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ వాడకూడదు. మీ కూలీ వీపున ట్యాంకు తగిలించి కొట్టిస్తే, అది గని ఆవరణలో జరిగితే, రేపు ఎవరైనా ఫొటో తీస్తే బిల్లు సంగతి తర్వాత, ముందు మీరు సమాధానం చెప్పుకోవాలి. పైగా ఏడాది వయసు సీతాఫలం మొక్క మీద ఆ తుంపర పడితే కలుపుతో పాటు అదీ పోతుంది. నడుమెత్తు కలుపులో మొక్కకు తగలకుండా కొట్టడం ఎవరి తరం?

బోటనీక్లాస్
పల్నాడు గారూ, ముందు ఒక ప్రశ్న. ఆ చెరువు మట్టి ఏ చెరువుది, ఎప్పుడు తీశారు? ఎరువు మాగిందా, పచ్చిదా? డంపులో కింద నుంచి వచ్చిన మట్టిలో, రాతిలో కలుపు గింజ ఉండదు. అంత కలుపు ఒక్క ఏడాదిలో వచ్చిందంటే గింజ బయటి నుంచి వచ్చినట్టే. ఒక వయ్యారిభామ మొక్క పదిహేను, ఇరవై వేల గింజలు పెడుతుంది. చాలా తేలిక గింజ. గాలికి, నీటికి, ట్రాక్టర్ టైరుకు పట్టిన మట్టితో, ఎలాగైనా వస్తుంది.

పల్నాడు_మొక్కలు
మేడమ్, చెరువు మట్టి వేసవిలో తీసిందే. ఊరి పక్క చెరువు, ఎండిన భాగం నుంచి తోలారు. అక్కడ గట్టు మీద వయ్యారిభామ ఉంటుంది, నిజమే. ఎరువు ఊళ్ళో దిబ్బల నుంచి కొన్నది. మాగిందో లేదో ఎవరు చూశారు, ట్రాక్టర్ లెక్కన కొనడమే.

బోటనీక్లాస్
అయితే లెక్క సరిపోయింది. ఎండిన చెరువు అంచుల్లో పెరిగేదే ఈ కలుపు. పై పొర గీకి తెస్తే గింజల మూట తెచ్చినట్టే. దిబ్బ ఎరువులో సర్కారు తుమ్మ గింజలు ఉంటాయి, మేకలు కాయలు తిని పెంటికల్లో వదులుతాయి కాబట్టి. కడుపులోంచి వచ్చిన గింజ ఇంకా బాగా మొలుస్తుంది.

వచ్చే ఏడు మళ్ళీ మట్టి తోలాల్సి వస్తే ముందు రెండు గంపల మట్టి తెచ్చి ఒక పాత ట్రేలో పోసి తడపండి. మూడు వారాలు చూడండి. ఏం మొలుస్తుందో చూసి అప్పుడు లారీలు మాట్లాడుకోండి.

మేకలగుంపు
నేరం మొత్తం మా మేకల మీదేనా. సర్కారు తుమ్మను ఊళ్ళల్లో చల్లింది మేకలా, మనుషులా?

చదివేవాడు
మేకల తరఫు లాయరు వచ్చారు.

మేకలగుంపు
లాయరునే. నా మాట వినండి. ఆ డంపు మీదకు మేకల్ని వదిలితే సుబాబుల్ ఉన్నా, గడ్డి ఉన్నా, తుమ్మ మొలకలున్నా తినేస్తాయి. పీకే కూలీ అక్కర్లేదు.

పాతడంపర్
వయ్యారిభామను ముట్టవు. వేపను, రేగును, నేరేడు చిగురును తింటాయి. కలుపు మిగిలి మొక్క పోతుంది. పైగా వాలు మీద మేక గిట్టలు తొక్కిన దారి మొదటి వాలుకాలువ అవుతుంది. మొదటి మూడేళ్ళు కంచె తప్పదు. గడ్డి కావాలంటే కోసుకుపోండి, మేపొద్దు.

గడ్డిమందు_గురు
మందు వద్దంటే ఉప్పు నీళ్ళు కొట్టండి. లీటరుకు 200 గ్రాముల ఉప్పు, పూతకు ముందు ఆకు తడిసేలా. వ్యవసాయ శాఖ వాళ్ళు కూడా ఇదే చెప్తారు. దీనికి నోటిఫికేషన్లు లేవు.

బోటనీక్లాస్
రోడ్డు పక్కన, ఖాళీ స్థలాల్లో చెప్తారు. మీది నల్లమట్టి కలిసిన డంపు. బంకమట్టిలో సోడియం పెరిగితే మట్టి రేణువులు విడిపోతాయి. వాన పడితే పైన పొర గట్టిపడి నీరు దిగదు, ఎండితే నెర్రెలిస్తుంది. నల్లమట్టి ఇప్పటికే తడిస్తే ఉబ్బి ఎండితే కుంచించుకుపోయే రకం. అది వాలు మీద ఉండడమే ఒక సమస్య. దాని మీద ఉప్పు కూడానా? ఒక ఎకరాకు ఎన్ని ట్యాంకులు కొడతారో, ఎన్ని కిలోల ఉప్పు పడుతుందో మీరే లెక్కేయండి.

గడ్డిమందు_గురు
సరే, మీరు చేత్తో పీకండి. నేను చూస్తూ ఉంటా.

కెంటకీ_తెలుగు
నేను అమెరికాలో కెంటకీలో ఉంటాను, ఉద్యోగం పర్యావరణ కన్సల్టెన్సీలో. ఇక్కడి కథ మీకు పనికొస్తుందేమో.

1977లో ఇక్కడ గనుల పునరుద్ధరణ చట్టం వచ్చింది. తవ్విన కొండను తిరిగి కట్టాలి, పచ్చదనం తేవాలి, అది నిలిచిందని చూపేదాకా కంపెనీ కట్టిన హామీ సొమ్ము (బాండు) విడుదల కాదు. వానలు బాగా పడే ప్రాంతాల్లో 5 ఏళ్ళు, పొడి ప్రాంతాల్లో 10 ఏళ్ళు బాధ్యత. చట్టం మంచిదే. కానీ కంపెనీలు త్వరగా పచ్చగా కనపడాలని ఏం చేశాయంటే, జారిపోకుండా బుల్‌డోజర్లతో మట్టిని అణగదొక్కి, దాని మీద కెంటకీ-31 అనే ఫెస్క్యూ గడ్డి దట్టంగా చల్లాయి. తనిఖీకి అద్భుతంగా కనపడింది. ఆ గడ్డిలో చెట్టు మొలక బతకలేదు. నీరంతా అదే లాగేస్తుంది, ఎలకలు దాని చాటున చేరి మొక్కల బెరడు కొరికేస్తాయి, అణగదొక్కిన మట్టిలోకి వేరు దిగదు. అడవి ఉండాల్సిన కొండలు దశాబ్దాల తరబడి గడ్డి మైదానాలుగా ఉండిపోయాయి. పునరుద్ధరణ కోసమే తెచ్చి నాటిన ఆటమ్ ఆలివ్ అనే పొద ఇప్పుడు ఇక్కడ పీకినా పోని కలుపు. సెరీషియా లెస్పెడీజా అనే మొక్క సంగతీ అంతే.

2004 నుంచి పద్ధతి మార్చారు. పైన నాలుగడుగుల మందాన మట్టిని వదులుగా, అణచకుండా వదిలేయడం, పోటీ పడని పొట్టి గడ్డి పలచగా చల్లడం, ఆపైన చెట్లు. ముందు అణచిపెట్టిన పాత నేలల్ని పెద్ద డోజరుతో లోతుగా చీల్చి మళ్ళీ నాటుతున్నారు. నా మాట ఏంటంటే, మీ కలుపు గురించి ఆలోచించే ముందు మీ మట్టి ఎంత గట్టిగా ఉందో చూడండి. గునపం ఎంత లోతు దిగుతుంది?

పల్నాడు_మొక్కలు
చదును మీద జానెడు దిగి ఆగిపోతుంది. లారీలు, డోజర్లు తిరిగిన చోటు. బెంచీల మీద మెత్తగానే ఉంది. మొక్కలు కూడా బెంచీల మీదే ఏపుగా ఉన్నాయి, ఇప్పుడు అర్థమవుతోంది.

పాతడంపర్
మన దగ్గర వదులుగా వదిలేయడం అంత తేలిక కాదు కెంటకీ బాబూ. అక్కడ వాన ఏడాదంతా పంచుకుని పడుతుంది. ఇక్కడ మూడు నెలల్లో మొత్తం కుమ్మేస్తుంది. వదులు మట్టి వాలు మీద ఉంటే ఊరి మీదకొస్తుంది. బొగ్గు గనులకైతే పర్యావరణ అనుమతుల్లోనే డంపు మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదని రాస్తారు, కింద టో వాల్ (డంపు పాదం దగ్గర అడ్డుగోడ), డ్రెయిన్, కొట్టుకొచ్చిన మట్టి అడుగున చేరే సెటిల్మెంట్ చెరువు ఉండాలి. గట్టిగా ఉండడానికి ఒక కారణం ఉంది.

కెంటకీ_తెలుగు
వాలు గురించి మీతో గొడవ లేదు. చదును మీద అణచాల్సిన అవసరమే లేదంటున్నా. అక్కడ ఎటూ జారదు.

ఓబీ_బెంచ్
ఇద్దరూ కరెక్టే. చదును మీద రిప్పర్ వేసి రెండడుగుల లోతు చీల్చితే వాన నీరు కూడా దిగుతుంది. మొక్కల వరసల మధ్య ఇప్పుడు కూడా వేయొచ్చు, వేర్లు తెగకుండా కాస్త ఎడంగా. ఎండాకాలం మట్టి పొడిగా ఉన్నప్పుడు వేస్తేనే పగులుతుంది. తడి మీద వేస్తే నల్లమట్టి ఇంకా నునుపుగా అతుక్కుంటుంది.

నర్సరీ_తోట
మీరంతా కలుపు కలుపు అంటున్నారు. అసలు తప్పు మొక్కల ఎంపికలో ఉంది. వేప, కానుగ ఎదిగి నీడ పట్టేసరికి అయిదారేళ్ళు. సుబాబుల్ వేసుంటే రెండేళ్ళలో కప్పేసేది, నీడలో వయ్యారిభామ బతకదు. నీలగిరి కూడా అంతే. బొగ్గు డంపుల మీద ఎంత బాగా వచ్చాయో చూడలేదా?

బోటనీక్లాస్
బొగ్గు డంపు వేరు, సున్నపురాయి డంపు వేరు. అక్కడ ఇసుకరాయి, షేల్. ఇక్కడ సున్నం. ఈ మట్టికి ఉదజని సూచిక (pH) 8 దాటి ఉంటుంది. అంత సున్నంలో నీలగిరికి ఇనుము అందదు, ఆకు పాలిపోయి పసుపు రంగుకు తిరుగుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. కానుగ, వేప, సీతాఫలం, రేగు, నల్ల తుమ్మ, నెమలినార, ఇవి సున్నపు నేలకు అలవాటుపడ్డవి. పల్నాడు గారి ఎంపిక బాగానే ఉంది.

నర్సరీ_తోట
సుబాబుల్‌కు సున్నం బాధ లేదుగా. సున్నం నేలంటేనే దానికి ఇష్టం.

బోటనీక్లాస్
అదే భయం. దానికి ఇష్టమైన నేల మీద వేస్తే ఇక వదలదు. ఏడాదిలో కాయలు, కాయల నిండా గింజలు, కింద తివాచీలా మొలకలు. పదేళ్ళకు డంపు మీద సుబాబుల్ తప్ప ఇంకేమీ ఉండదు. కెంటకీ గారు చెప్పిన ఆటమ్ ఆలివ్ కథ మన దగ్గర ఇదే. వయ్యారిభామను పోగొట్టడానికి ఇంకో కలుపును తెచ్చుకోవడం.

నర్సరీ_తోట
కలుపా? దాన్ని కాగితం మిల్లులకు అమ్ముకుని ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో ఎంతమంది రైతులు బతికారో తెలుసా? మేకలకు మేత, నేలకు నత్రజని, పొయ్యిలోకి కట్టె. ఏ కలుపు అంత ఇస్తుంది?

మేకలగుంపు
నర్సరీ అన్నకు నా ఓటు.

బోటనీక్లాస్
పొలంలో, కోతకు వేస్తే పంట. ఎవరూ కోయని డంపు మీద వేస్తే కలుపు. అది నరికి అమ్మే ఏర్పాటు ఉంటే నేనూ ఒప్పుకుంటా.

నర్సరీ_తోట
మూడేళ్ళ కాంట్రాక్టు వాళ్ళకు పదేళ్ళ తర్వాత సంగతి ఎవరడుగుతారు. ముందు మొక్కలు బతికాయా లేదా, అదే చూస్తారు.

గూడూరు_అబ్రకం
ఇది చదువుతుంటే మా ఊరి వైపు గుర్తొస్తోంది. గూడూరు, సైదాపురం చుట్టూ పాత అబ్రకం గనుల దిబ్బలు బోలెడు. ఎవరూ మొక్క నాటలేదు, ఎవరూ మట్టి తోలలేదు. ఎండలో మెరుస్తూ ఉండేవి. వాటి మీద జిల్లేడు, వెంపలి, తంగేడు, తర్వాత రేగు, అక్కడక్కడ వేప, అవంతట అవే వచ్చాయి. దశాబ్దాలు పట్టింది, నిజమే. కానీ అక్కడ వయ్యారిభామ తక్కువ. రోడ్డు పక్కన, మట్టి తోలిన చోటే ఎక్కువ. పేదనేల మీద మొండివి మాత్రమే నిలుస్తాయి. మీరు మంచి మట్టి, ఎరువు వేసి కలుపును భోజనానికి పిలిచారేమో అనిపిస్తుంది. ఇప్పుడు ఆ దిబ్బల్ని పలుగురాయి కోసం మళ్ళీ తవ్వేస్తున్నారు, అదింకో కథ.

చదివేవాడు
దిబ్బ మీద చెట్టు వచ్చేలోపు దిబ్బకే రేటు వచ్చింది.

కడప_నాపరాయి
గూడూరు అన్న చెప్పింది సగం నిజం. మా వైపు నాపరాయి గనుల చెత్తరాళ్ళ కుప్పల మీద నాకు కనిపించేది సర్కారు తుమ్మే. పేదనేల అయినా అది వచ్చేస్తుంది. ఒకసారి బొటనవేలంత లావయ్యాక కొడితే మొద్దు నుంచి గుత్తిగా లేస్తుంది. మొలకగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసేయాలి. పల్నాడు అన్నా, వయ్యారిభామ సంగతి తర్వాత, ఈ వానల్లో తడి మీద ఉండగానే తుమ్మ మొలకల్ని పీకించండి. వచ్చే ఏడాదికి గడ్డపార కావాలి, ఆపై ఏడాదికి జేసీబీ కావాలి.

పాతడంపర్
ఈ మాటకు నేను పూర్తిగా సపోర్ట్. తుమ్మ మొలక ఒక్కటే వాలు మీద కూడా వేరుతో పీకాల్సింది. అవి పలచగా ఉంటాయి, పీకినా నేల ఊడిపోదు.

ఓబీ_బెంచ్
పల్నాడు గారూ, తనిఖీ విషయంలో మీకు పనికొచ్చే ముక్క ఒకటుంది. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. గని లీజు ఉన్నవాళ్ళు తవ్వకం ముగిశాక ఆ నేలనూ, తవ్వకం వల్ల దెబ్బతిన్న ఇతర నేలనూ తిరిగి గడ్డి పెంచి, మేత, మొక్కలు, జంతువులు బతికే స్థితికి తేవాలని లీజు షరతుల్లో చేర్చమంది. అక్కడ ఉన్న మాట గడ్డి. "ఎకరాకు ఇన్ని మొక్కలు" అనేది మన వాళ్ళ లెక్క. కాబట్టి డంపు నేల నున్నగా, బోడిగా కనపడడం ఎవరూ అడిగింది కాదు. మీ పైవాళ్ళకు ఇది చూపించి, "కలుపు బదులు గడ్డి వేస్తాం, దానికి ఇంత ఖర్చు" అని రాసివ్వండి. నోటితో చెప్తే ఎవరూ వినరు, కాగితం మీద ఉంటే ఫైల్లో కూర్చుంటుంది.

పల్నాడు_మొక్కలు
ఇది నాకు తెలీదు. చాలా ఉపయోగం. అయితే ఏ గడ్డి? ఎప్పుడు చల్లాలి? వయ్యారిభామ ఉండగా గడ్డి గింజ మొలుస్తుందా?

పాతడంపర్
మేము స్టైలో చల్లేవాళ్ళం. పప్పుజాతి, నత్రజని కూడా ఇస్తుంది. దీనానాథ్ గడ్డి కూడా వేశారు కొన్నిచోట్ల, జార్ఖండ్ బొగ్గు గనుల్లో చూసి వచ్చి. బ్రహ్మాండంగా వస్తుంది కానీ నాకు నచ్చలేదు. మనిషెత్తు పెరిగి ఫిబ్రవరికి ఎండిపోతుంది. ఎవడో బీడీ పారేస్తే మొక్కలతో సహా డంపు మొత్తం తగలబడుతుంది. బొగ్గు ముక్కలు కలిసిన డంపు అయితే ఇక చెప్పక్కర్లేదు, లోపల రాజుకుని నెలల తరబడి పొగ.

బోటనీక్లాస్
స్టైలోలో రకం చూసుకోండి. స్కాబ్రా కొంచెం ఆమ్ల, ఇసుక నేలల్ది. మీ సున్నపు నేలకు హమటా. రైతులకు ఎప్పట్నుంచో తెలిసినదే, పండ్ల తోటల్లో వేసేవాళ్ళు. దానితోపాటు అంజన్ గడ్డి. పొడి నేల, సున్నం, రెండూ తట్టుకుంటుంది. వాలు మీద అడ్డంగా, నీటి వాలుకు ఎదురుగా వట్టివేరు పిలకలు వరసలుగా నాటండి. అది గింజతో పాకదు, నాటిన చోటే ఉంటుంది.

వయ్యారిభామ ఉండగా చల్లితే లాభం లేదు. దాని వేర్ల నుంచి, కుళ్ళిన ఆకుల నుంచి వచ్చే రసాయనాలు పక్క గింజల మొలకను అణచేస్తాయి. వరస ఇలా ఉండాలి: పూతకు ముందు కోసి అక్కడే పరచడం, వెంటనే వాన చూసి గింజ చల్లడం. మొలకెత్తిన నాలుగు నుంచి ఆరు వారాల్లో వయ్యారిభామ పూతకు వస్తుంది, కాబట్టి మొదటి వానల తర్వాత నెల లోపు మొదటి కోత. పూసింది అయితే పరవొద్దు, కోసిన తర్వాత కూడా గింజ కడుతుంది. దూరంగా కుప్ప వేసి కప్పెట్టాలి.

తగిరిస తెలుసుగా, చెత్త మొక్కే అనుకుంటాం. వానాకాలం ముందు గింజ చల్లితే వయ్యారిభామను నొక్కేస్తుంది. తంగేడు కూడా. ఖర్చు లేని పని, ఊరి చుట్టూ గింజ దొరుకుతుంది.

నర్సరీ_తోట
తగిరిస మాత్రం కలుపు కాదా మేడమ్? సుబాబుల్ వద్దన్నారు, ఇది చల్లమంటున్నారు.

బోటనీక్లాస్
వానాకాలం మొక్క. వానలు అయ్యాక ఎండిపోతుంది, చెట్టును మింగదు. గడ్డి ఒక ఏడాది నిలబడ్డాక దాన్ని గడ్డే తగ్గిస్తుంది. తేడా ఉంది.

నర్సరీ_తోట
మీ పాఠంలో ఉంది. మా నేలలో చూడాలి.

మేకలగుంపు
పురుగులు వదిలితే పోతుందని మా ఊళ్ళో ఎవరో అన్నారు. చారల పురుగు. అది పొద్దుతిరుగుడు కూడా తింటుందట, నిజమా? మా పక్క పొలాల్లో అదే వేస్తారు.

బోటనీక్లాస్
జైగోగ్రామా అనే పెంకుపురుగు. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. ఇప్పుడు చాలాచోట్ల స్థిరపడింది. 1990ల మొదట్లో పొద్దుతిరుగుడు మీద కనపడిందని పెద్ద గొడవే జరిగింది, నిపుణులతో పరిశీలన చేయించారు, పంటకు ముప్పేమీ తేలలేదు. వయ్యారిభామ పక్కనే ఉన్నప్పుడు కాస్త కొరుకుతుంది, అంతే. జబల్పూర్‌లో కలుపు పరిశోధన డైరెక్టరేట్ ఉంది, ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు వయ్యారిభామ వారోత్సవం అని చేస్తారు. పురుగులు అక్కడి నుంచి తెప్పించుకోవచ్చు. అయితే దాని మీదే ఆధారపడొద్దు. వానల్లో బాగా తింటుంది, చలి మొదలవగానే మట్టిలోకి దూరి పడుకుంటుంది. మీ బిల్లు తేదీలకు అది పనిచేయదు.

చదివేవాడు
పురుగులకు కూడా మన కాంట్రాక్టర్ పద్ధతే. సీజన్‌లో పని, తర్వాత నిద్ర.

పల్నాడు_మొక్కలు
కూలీల సంగతి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళే వస్తారు. రెండు రోజులు పీకాక మెడ, చేతులు ఎర్రగా పొంగుతున్నాయి. ఒకామెకు ఆయాసం కూడా వచ్చింది. గ్లవ్స్ ఇస్తే వేడికి తీసేస్తున్నారు.

పాతడంపర్
ఆయాసం వచ్చిన మనిషిని మళ్ళీ ఆ పనికి పంపొద్దు. ఆమెకు పాదులు చేసే పని ఇవ్వండి, కలుపు తీయని చోట. పూసిన మొక్కల్లో అసలు ఎవరినీ దించొద్దు, ఆ పుప్పొడే ఎక్కువ బాధ. తెల్లారుజామున, మంచు తడి ఉండగా మొదలుపెట్టి పదింటికి ఆపేయండి. రబ్బరు గ్లవ్స్ ఎవరూ ఉంచుకోరు. మందపాటి గుడ్డ గ్లవ్స్, మోచేతి దాకా పాత చొక్కా చేతులు. కొడవలితో కోయిస్తే పీకేదాని కన్నా ఒంటికి తగలడం సగం తగ్గుతుంది. అందుకు కూడా కోతే మేలంటున్నా.

కెంటకీ_తెలుగు
పాదుల మీద ఏమైనా పరుస్తున్నారా? ఇక్కడ మొక్క మొదట్లో మందంగా చెక్క తొక్కు వేస్తారు. మీ దగ్గర పత్తి కట్టె, మిరప కట్టె ఊరికే తగలబెడతారు కదా.

పల్నాడు_మొక్కలు
పల్నాడులో మిరప కట్టెకు కొదవా. కానీ ముక్కలు చేసే యంత్రం అద్దెకు తేవాలి.

కడప_నాపరాయి
ముక్కలు అక్కర్లేదు. పొడుగు కట్టెల్నే పాదు చుట్టూ అడ్డదిడ్డంగా వేసి మీద నాలుగు రాళ్ళు పెట్టండి, డంపు మీద రాళ్ళకు కరువు లేదు. నీడ ఉంటుంది, కలుపు లేవదు, మేక మూతి పెట్టదు. చెదల సంగతి మాత్రం చూసుకోండి, మొక్క కాండానికి తగలకుండా జానెడు వదలాలి.

మేకలగుంపు
మళ్ళీ మేకలేనా.

గడ్డిమందు_గురు
ఇన్ని పనులు చెప్పారు, ఎవరైనా ఖర్చు లెక్క వేశారా? కోత, మళ్ళీ కోత, గింజ, వట్టివేరు, కట్టెలు. నా మందు ఒక్క రోజు పని. చట్టం ఒప్పుకోదంటే ఒప్పుకుంటా, కానీ చవక అనొద్దు.

ఓబీ_బెంచ్
మొదటి ఏడాది మీది చవక. కొట్టిన చోట ఖాళీ నేల మిగులుతుంది, గింజల నిల్వ మట్టిలో అలాగే ఉంటుంది, వచ్చే వానకు మళ్ళీ అదే మొలుస్తుంది. ఏటా కొట్టాలి. గడ్డి ఒకసారి నిలబడితే కోత ఖర్చు ఏటా తగ్గుతుంది. పైగా అంజన్, స్టైలో కోసుకుపోవడానికి ఊళ్ళోవాళ్ళే వస్తారు. కోసుకుపోయే హక్కు ఊరికి ఇస్తే కాపలా కూడా వాళ్ళే ఉంటారు.

మేకలగుంపు
ఇది బాగుంది. కోసుకుపోతాం. ఎక్కడో చెప్పండి.

పల్నాడు_మొక్కలు
పేరు అడగొద్దన్నాగా అన్నా.
నేను అనుకున్నది ఇది. ఈ వారం తుమ్మ మొలకలు పీకించేది. చదును మీద పూతకు రాని వయ్యారిభామను పీకి, వాలు మీద కోత మాత్రమే. పూసినవాటిని వేరుగా కుప్ప వేసేది. మధ్య బెంచీ మీద స్టైలో, అంజన్ చల్లి చూస్తా. రిప్పర్ వేసవికి. ఓబీ గారు చెప్పినట్టు కాగితం రాస్తున్నా, పైవాళ్ళు ఏమంటారో చూడాలి. అంజన్ గింజ ఎక్కడ దొరుకుతుంది?

బోటనీక్లాస్
ఝాన్సీలో గడ్డి, పశుగ్రాస పరిశోధన సంస్థ ఉంది. దగ్గర్లో కావాలంటే హైదరాబాద్ శివారు మామిడిపల్లిలో కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ పశుగ్రాస కేంద్రం ఉంది, అడిగి చూడండి. ఒక్క బెంచీ మీదే చల్లుతున్నారు కదా, మంచిది. పక్క బెంచీ చల్లకుండా వదిలేయండి, తేడా కంటికి కనపడుతుంది. నర్సరీ గారికి కూడా ఫొటో పంపొచ్చు.

నర్సరీ_తోట
పంపండి. ఒక మూల నాలుగు సుబాబుల్ కూడా పెట్టి అదీ పంపండి.

పాతడంపర్
అంజన్ గింజ కొనేటప్పుడు ఎప్పటి కోతో అడగండి. తాజా గింజ మొలవదు, దానికి నిద్ర ఉంటుంది. కనీసం ఆరేడు నెలలు నిల్వ ఉన్నది తీసుకోండి. గింజ దూదిలా తేలికగా ఉంటుంది, గాలికి పోతుంది. తడి మట్టితో ఉండలు చేసి గానీ, ఇసుకలో కలిపి గానీ చల్లాలి. స్టైలో గింజను చల్లేముందు వేడి నీళ్ళలో కాసేపు ఉంచి తీయండి, పొట్టు గట్టిది.

పల్నాడు_మొక్కలు
వేడి అంటే ఎంత వేడి?

పాతడంపర్
మరిగేవి కాదు. పొయ్యి మీంచి దించి, బుడగలు ఆగాక గింజ వేయండి. రెండు మూడు నిమిషాలకు తీసి చల్లటి నీళ్ళలో పోసి నీడలో ఆరబెట్టండి. ముందు గుప్పెడు గింజతో చేసి తడిగుడ్డలో మొలక చూసుకున్నాకే మిగతాది.